క్రొత్త కరణము



ఈ దినమున నేను విన్నవింపబోవు విషయము పేరునకు క్రొత్తది; పనికి మాత్రము మిక్కిలి పాతది. ఊరి సొమ్మును దేనికెంత వ్యయపరుపవలెనో ఊరివారే కూర్చుండి నిర్ణయించుకొనుటను నేడు ప్రజాభాగస్వామ్య బడ్జెట్టు అని పిలుచుచున్నారు. ఆ నిర్ణయమునకు సెల్‌ఫోను, కంప్యూటరు, వానికి తోడు కృత్రిమ మేధ అను యంత్రబుద్ధి ఇప్పుడు సాయము వచ్చినవి. అవి మనకు సేవకులై యుండునా, లేక మనపై కరణీకము చేయునా అన్నదే నా ప్రసంగవిషయము. నేను యంత్రశాస్త్రము చదివినవాడను కాను. బాల్యమున సంస్కృతాంధ్రములను గురుముఖమున నేర్చి, చిరకాలము బడిపంతులనై యుండి, ఇప్పుడు పింఛను పుచ్చుకొనుచు హైదరాబాదునకు ఆగ్నేయదిక్కున అల్మాస్‌గూడలో కాలము గడుపుచున్నవాడను. కాబట్టి నేను చూచినంత, విచారించి తెలిసికొన్నంత, తప్పుచేసి నేర్చుకొన్నంత మాత్రమే చెప్పెదను.

మా అల్మాస్‌గూడ సంగతి మొదట వినుడు. దిల్‌సుఖ్‌నగరు, ఎల్బీనగరుల నుండి బస్సులో పోదగినంత దూరమున నుండు ఈ ఊరు ఒకప్పుడు పంచాయతీ గ్రామము. పొలములు ప్లాట్లైనవి, బాటలు వీథులైనవి, వీథులు కాలనీలైనవి. 2019లో బడంగ్‌పేట నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు మా ఊరు అందులో ఒక భాగము. 2025 చివర శివారు పురపాలికలు ఇరువదియేడింటిని హైదరాబాదు మహానగరపాలక సంస్థలో కలిపినప్పుడు బడంగ్‌పేట కూడ అందులో కలిసిపోయినది. నేను ఇల్లు మారలేదు; మా వీథి సొమ్ములెక్కలు వ్రాయు కచేరి మాత్రము మారుచు వచ్చినది. సర్పంచి ఇంటి అరుగుపై కూర్చుండి, “అయ్యా, మా వీథి దీపము వెలుగుట లేదు” అని నోటిమాటగా చెప్పుకొన్న కాలము పోయినది. ఊరు చిన్నదైనప్పుడు మాట నడచును. ఊరు పెద్దదైనకొలది కాగితము నడచును. కాగితముపై లేని కష్టము కచేరికి లేనే లేదు. ఈ యొక్క సంగతి మనస్సున నుంచుకొన్నచో తక్కిన ప్రసంగమంతయు సులభముగా బోధపడును.

బడ్జెట్టన నేమి? ఉమ్మడికుటుంబములో సంక్రాంతి వెళ్లిన పిదప పెద్దాయన గాదెలోని ధాన్యము చూచుకొని, ఇంత తిండికి, ఇంత విత్తనమునకు, ఇంత అప్పునకు, ఇంత ఆడపిల్ల పెండ్లికి అని విభజించునుగదా! అదియే బడ్జెట్టు. ఆ విభజనను పెద్దాయన ఒక్కడే చేసిన ఒక తీరు, కోడండ్రను, కొడుకులను, పాలేరును సైతము పిలిచి, “మీ అవసరము లేమి?” అని యడిగి చేసిన వేరొక తీరు. ఈ రెండవ తీరును ప్రభుత్వ ధనమునకు వర్తింపజేయుటయే ప్రజాభాగస్వామ్యము. బ్రెజిలు దేశమున పోర్టో అలెగ్రీ అను నగరము 1989లో దీనిని ఒక పద్ధతిగా మొదలుపెట్టి లోకమున కెల్ల ఎరుకపరచినది. పేటపేటకు సభలు పెట్టి, ఏ పని ముందు కావలెనో అక్కడివారి చేతనే చెప్పించి, వారి ప్రతినిధులతో నగర బడ్జెట్టును కూర్చిరి. అందులో నాకు నచ్చిన దొకటి కలదు. ఏ పేటవారు ఎక్కువగా కేకలు వేసిరన్నది మాత్రమే లెక్కకు తీసికొనక, ఏ పేటలో జనమెందరు, ఏ పేటకు నీరు, మురుగుకాలువ, బాట మునుపే లేవు అన్నదానికి కూడ మార్కులు వేసిరి. కొరత యున్నచోటికి సొమ్ము ముందుగా పోవుటకు అది ఉపాయము.

మన దేశమునను ఈ యత్నము లేకపోలేదు. 1992లో చేసిన రాజ్యాంగసవరణలు 1993లో అమలునకు వచ్చి గ్రామసభకును, పట్టణపు వార్డు సంఘములకును రాజ్యాంగమున చోటు కల్పించినవి. కేరళలో 1996లో ప్రజాప్రణాళికోద్యమము సాగి, రాష్ట్ర ప్రణాళికాధనములో నూటికి ముప్పదియైదు నుండి నలుబది వంతుల వరకు స్థానికసంస్థల కిచ్చిరి. 2006 ప్రాంతమున పుణె నగరము పౌరుల సూచనలను బడ్జెట్టులో చేర్చుకొను పద్ధతిని తెచ్చినది. మన తెలంగాణమున 2014లో ‘మన ఊరు – మన ప్రణాళిక’ యనియు, 2015 ఆగస్టులో ‘గ్రామజ్యోతి’ యనియు గ్రామములవారి చేతనే ప్రణాళికలు వ్రాయించు కార్యక్రమములు నడచినవి. గ్రామజ్యోతి ఆరంభమైనది ఓరుగల్లు ప్రాంతపు గంగదేవిపల్లిలో; ఆ పల్లెవారు అంతకు చాలకాలము ముందే నీటికి, పారిశుద్ధ్యమునకు, తక్కిన పనులకు వేరువేరు కమిటీలు పెట్టుకొని తమ పనులు తామే చక్కబెట్టుకొన్నవారు. పట్టణములకై వచ్చిన 2019నాటి తెలంగాణ పురపాలక చట్టము ప్రతి వార్డునకు నాలుగు సంఘములు, అనగా యువకులకొకటి, స్త్రీలకొకటి, వృద్ధులకొకటి, ప్రముఖపౌరులకొకటి చొప్పున, ఒక్కొక్కటి పదునైదుగురితో ఉండవలెనని నిర్దేశించినది. వృద్ధులకు వేరుగా ఒక సంఘమట! చట్టము మనకు కుర్చీ వేసినది; అందు కూర్చుండుట మన పని.

ఇక కలము సంగతికి వచ్చెదను. ఈ శ్రోతలలో నరువది దాటినవారికి కరణముగారి కవిలెకట్ట జ్ఞాపకముండక మానదు. తెలంగాణమున పట్వారీ యన్నను, ఆంధ్రమున కరణమన్నను ఊరి భూమి యంతయు ఆయన చేతి గంటము క్రింద నుండెడిది. 1984 జనవరిలో నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆ పదవులను రద్దుచేసినది. కరణములందరు చెడ్డవారని నేననను, ధర్మాత్ములను నేనెరుగుదును. కాని ఆ యేర్పాటులో ఒక కీడుండెను. వ్రాయువాడొకడు, అనుభవించువాడు వేరొకడు. వ్రాసినది అనుభవించువాడు చదువలేడు. ‘నీ చెలక నీ పేరనే యున్నది’ అని కరణముగారు సెలవిచ్చిన చాలును, రైతు తలయూపి వెళ్లిపోవును. పదియేండ్లకు ఆ చెలక ఎవరి పేరనో తేలును. దోషము కలములో లేదు. వ్రాసినది పదిమంది యెదుట చదువకపోవుటలో నున్నది.

ఆ కరణములు పోయిరి. ఇప్పుడు క్రొత్త కరణము వచ్చినాడు. వానికి జీతము లేదు, నిద్ర లేదు, లంచము లేదు, కులము లేదు. కావున మిక్కిలి మంచివాడని అందరు మెచ్చుకొనుచున్నారు. వాని పుట్టుక నిట్లు చెప్పవచ్చును. 2020 ఏప్రిల్ 24న, జాతీయ పంచాయతీరాజ్ దినమున, కేంద్రప్రభుత్వము ‘ఈ-గ్రామస్వరాజ్’ అను ఒక జాలవేదికను ప్రారంభించినది. గ్రామపంచాయతీ ప్రణాళిక, చేపట్టిన పనులు, చేసిన చెల్లింపులు అందు కెక్కించెదరు. ఫోను గల ఏ పౌరుడైనను తన ఊరి పేరు నొక్కి చూచుకొనవచ్చును. కవిలెకట్టను కరణముగారి పెట్టెనుండి తీసి రచ్చబండపై పెట్టినట్లయినది. ఇది నిస్సంశయముగా మేలు. పిమ్మట 2025 ఆగస్టు 14న కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ ‘సభాసార్’ అను కృత్రిమ మేధా సాధనమును వెలువరించినది. గ్రామసభలో జనులు మాటలాడిన శబ్దమును గాని, దృశ్యమును గాని పట్టి యందిచ్చిన, అది మాటలను అక్షరములుగ మార్చి, సభలో ఏమేమి చర్చించిరో, ఏమేమి తీర్మానించిరో సంగ్రహించి కార్యవివరణ వ్రాసిపెట్టును. మొదట త్రిపుర రాష్ట్రమున ఉపయోగమునకు పెట్టిరి. ‘భాషిణి’ యను భారతీయభాషల అనువాద వ్యవస్థపై నిలిచిన ఈ సాధనము పలు భాషలలో పనిచేయును. అందు మన తెలుగు నొకటి. ఇట్టివే ఖాసగీ కంపెనీల సాధనములు ఇప్పుడు ఎవరి ఫోనులో చూచినను కలవు.

ఈ యంత్రము ఎట్లు వ్రాయుచున్నది? మా మనుమడు నాకు చెప్పగా నేను గ్రహించిన విధము మీకు చెప్పెదను. మొదటిపని చెవిది. మనము పలికిన ధ్వనిని చిన్న చిన్న ముక్కలుగ కోసి, ఈ ధ్వని ఏ అక్షరమునకు దగ్గర, ఈ మాటల వరుసలో ఏ మాట తగును అని లెక్కగట్టును. రెండవపని కలముది. వ్రాసిన పదిపుటలను ఒక పుటగా కుదించును. ఈ రెంటను అది అర్థ మెరిగి చేయునది కాదు. కోట్లకొలది వాక్యములను ముందుగా వల్లెవేసియున్నందున, ఏ మాట వెనుక ఏ మాట వచ్చుట వాడుకయో దానికి తెలియును. మా పాఠశాలలలో అమరకోశము వల్లించు బాలురు కొందరుండెడివారు. అర్థము రాకున్నను ధారగా చదువుదురు. నడుమ ఒక పాదము మరచినచో ఆగరు. ఛందస్సునకు సరిపోవునట్లు ఏదో యొకటి అతికి ముందునకు సాగుదురు. వినువానికి తప్పు పట్టుట కష్టము, ఏలయన నడక చెడదు. యంత్రముయొక్క తప్పును అట్టిదే. అది తడబడి తప్పు వ్రాయదు. సొంపుగా తప్పు వ్రాయును. అందుచేతనే దాని తప్పు ప్రమాదకరము.

అయినను దానివలని మేలును దాచుట న్యాయము కాదు. 2023 డిసెంబరు 28 మొదలు 2024 జనవరి 6 వరకు మన రాష్ట్రమున ప్రజాపాలన సభలు జరిగినప్పుడు కోటికి పైగా దరఖాస్తులు వచ్చినవి. ఒక గుమాస్తా దినమునకు రెండువందలు చదివినను కోటి చదువుటకు నూటముప్పది యేండ్లకు పైబడును. మాడ్రిడ్ నగరమువారు 2015లో పౌరుల ప్రతిపాదనలకై ఒక జాలవేదికను తెరచిరి. వేలకొలది ప్రతిపాదనలు వచ్చిపడగా, ఒకే కోరికను పదిమంది పదివిధములుగా వ్రాయుటచే బలము చీలిపోయి, మంచివి సైతము మూలపడుచుండెను. ఆ వేదికపై పరిశోధకులు కొందరు యంత్రముచేత ఒకేపోలికగల ప్రతిపాదనలను దగ్గరకు చేర్పించి, వాని సారము తీయించి చూచిరి. ఇట్టి కల్లమునుండి గింజను, పొల్లును వేరుచేయు చేట వంటి పనికి యంత్రము తగును. గ్రామకార్యదర్శి రాత్రి దీపము పెట్టుకొని మూడుగంటలు వ్రాయు వివరణను అది కొద్ది నిమిషములలో వ్రాసిన, ఆ మూడుగంటలు ఆయన ఊరు తిరిగి చూచుటకు మిగులును. నేను యంత్రమునకు శత్రువును కాను.

ఇక నా తప్పు చెప్పవలసి యున్నది. చెప్పుటకు సిగ్గుగా నున్నను, దానికొరకే ఈ ప్రసంగమున కొప్పుకొంటిని.

రెండేండ్ల క్రిందట, వానలకు ముందు, మేము కొన్ని వీథులవారము కూడి, ఆ యేడు మాకు కావలసిన పనుల పట్టిక నొకటి పురపాలకుల కంపుటకు సభ చేసితిమి. పెద్దవాడనని నన్ను అధ్యక్షపీఠమున కూర్చుండబెట్టిరి. ఒక యువకుడు సెల్‌ఫోనును బల్లపై నుంచి, “పంతులుగారూ, మీరెవ్వరును వ్రాయనక్కరలేదు, ఇదే వ్రాయును” అనెను. బాటలు, దీపములు, పిల్లల పార్కు, కుక్కల బెడద, ఇట్లు ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పిరి. కడపట, వీథిచివర తగరపు కప్పు క్రింద ఇస్త్రీబండి పెట్టుకొని బ్రదుకు ఒక వృద్ధురాలు నిలుచుండి, “మా మోరి నిండి నీళ్లు ఇంట్లకొస్తున్నయి. జర జూడుండ్రి” అని చెప్పి కూర్చుండెను. రెండే వాక్యములు. నేను విని తలయూచితిని.

సభ ముగిసిన పావుగంటలో యంత్రము వ్రాసిన పుట నా చేతికి వచ్చినది. ఎంత చక్కని పుట! అంకెలు వేసిన ఏడంశములు, అచ్చుతప్పు లేదు, వ్యాకరణదోషము లేదు. జీవితమంతయు పిల్లల వ్రాతలు దిద్దిన నాకు కన్నులు చల్లబడెను. ఆరవ యంశమున, ‘ఇండ్లకు నీరు వచ్చుటనుగూర్చి ఒక మహిళ ప్రస్తావించిరి, త్రాగునీటి సరఫరా మెరుగుపరుపవలెను’ అని యుండెను. నేను ఆ వాక్యమున క్రియాపదమును మెచ్చుకొంటినే గాని, అట్టి మాట ఎవరనిరని ఆలోచింపలేదు. సంతకము చేసితిని. పట్టిక వెళ్లిపోయినది.

ఏమి జరిగినది? మన తెలంగాణమున మురుగుకాలువను మోరి యందురు. యంత్రము వల్లించిన పుస్తకములలో ఆ మాట అరుదు. ‘మా మోరి’ యన్నది దాని చెవికి ‘మా మరి’ యై, అర్థము లేనందున కుదింపులో రాలిపోయినది. మిగిలినది ‘నీళ్లు ఇంట్లకొస్తున్నయి’ అన్నది. నీరు ఇంటికి వచ్చుట లోకమున కోరదగిన సంగతి గనుక, అది కోరికయే యని తలచి త్రాగునీటి క్రింద వ్రాసినది. వద్దని మొరపెట్టిన నీటిని కావలెనని యడిగినట్లు వ్రాసినది! మా ప్రాంతమునకు వాననీరన్న నేమో వేరుగా చెప్పనక్కరలేదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానలకు సరూర్‌నగరు, మీర్‌పేట వైపు కాలనీలు ఎట్లు మునిగినవో మీరును వినియుందురు.

ఆ యేడు శ్రావణమాసమున నొకరాత్రి పెద్దవాన కురిసినది. తెల్లవారి నేను పాలకై పోవుచుండగా ఆమె తన గుడిసెలాంటి యింటిముందు నడుములోతు బురదలో నుండి బట్టలమూటలు బయటికి లాగుచుండెను. అవి ఆమె బట్టలు కావు. ఇస్త్రీకి వచ్చిన పరుల బట్టలు. నన్ను చూచి ఆమె కోపపడలేదు. “పంతులయ్యా, నేను నిలవడి చెప్పితి గదా. గా కాయిదంల నా ముచ్చట రాసిండ్రా?” అని మాత్రమడిగెను. నేను ‘రాసితిమి’ అనలేకపోతిని, ‘రాయలేదు’ అనలేకపోతిని. ఇంటికి వచ్చి ఆ పుట ప్రతిని తీసి చదివితిని. అప్పటికి గాని ఆరవ యంశము నాకు కనబడలేదు.

తిలాపాపము తలా పిడికెడు అన్నట్లు ఆ తప్పును యంత్రమునకు కొంత, యువకునకు కొంత పంచవచ్చును. కాని న్యాయముగా చూచిన, యంత్రము ఆమె మాట వినలేదు, నేను విన్నాను. మోరి యన నేమో యంత్రమునకు తెలియదు, నాకు తెలియును. తెలిసినవాడు తెలియనిదాని వ్రాతపై చదువక సంతకము చేసిన, ఆ తప్పెవరిది? నేనా పుటను సభ విడువకముందే ఒక్కసారి పైకి చదివియున్నచో, ఆ యమ్మ అక్కడనే లేచి, “నేనట్ల అనలే” అనియుండెడిది. ఆ పని కైదునిమిషములు చాలును.

పైకి చదువుట యనునది చిన్నపనిగా మీకు తోచవచ్చును. దాని బల మెంతటిదో మన తెలుగుదేశమే లోకమునకు చూపినది. గ్రామీణ ఉపాధిహామీ పథకము 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభింపబడెను. ఆ యేడే ఆంధ్రప్రదేశమున సామాజిక తనిఖీ యను పద్ధతిని ఆ పథకమునకు చేర్చిరి. 2009లో దానికై ప్రత్యేకముగా నొక సంస్థనే నెలకొల్పిరి. కూలీల హాజరులు, చెల్లింపులు కంప్యూటరులో నెక్కించియుండిరి. ఆ కాగితములను తీసికొని గ్రామయువకులు ఇంటింటికి పోయి విచారించి, పిదప సభలో పేరుపేరున చదివిరి. ఫలానావాడు ఇన్నిదినములు పనిచేసినాడు, ఇంత కూలి పుచ్చుకొన్నాడు అని చదువగా, వాడే లేచి, “నేనా నెల ఊళ్లోనే లేను” అనును. కంప్యూటరు లెక్కలో కూడిక తప్పు లేదు, మనిషియే లేడు! ఆ సంగతి యంత్రమునకు తెలియుటకు వీలులేదు, పక్కింటివానికి తెలియును. అందరును శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయమైన వన్న సామెతకు, రొయ్యల లెక్క పదిమందిలో చదువుటయే విరుగుడు. యంత్రము వ్రాయుట, జనము వినుట, ఈ రెండును కూడినచోట దొంగలెక్క నిలువజాలదు. ఒకటి లోపించినను నిలుచును.

కావున గ్రామపెద్దలకు నేను విన్నవించుకొనునది కొద్దిగా కలదు. మొదటిది, సభలో యంత్రము వ్రాసిన వివరణను సభ విడువకముందే, ఊరివారు మాటలాడు తెలుగులో, గట్టిగా చదివింపుడు. చదువుటకు బడిపిల్లవాని నొకనిని నిలబెట్టిన చాలును. ‘నా మాట ఇట్లు కాదు’ అన్నవారి మాటను ఆ చోటనే దిద్దింపుడు. అటుపిమ్మటనే సంతకము. నడుమ సభ లేచిపోయినచో సంతకము చేయకుడు.

రెండవది, మీ యూరి మాటల పట్టిక నొకటి సిద్ధపరచుకొనుడు. మోరి, కుంట, తూము, అలుగు, కత్వ, బందెలదొడ్డి, పీరీలకొట్టము మొదలగు మాటలు, ఊరి దిక్కుల పేర్లు, చెలకల పేర్లు వ్రాసి కార్యదర్శి చేతికిండు. యంత్రపు వ్రాతలో నా మాటలు సరిగా పడినవో లేవో మొదట అవే చూడవలెను. ఏలయన ఊరి కష్టము పుస్తకభాషలో నుండదు, ఊరిమాటలోనే యుండును. పండితుడనైన నేనే ఈ మాట చెప్పుచున్నాను. గ్రంథభాష నా జీవనాధారమైనను, ఆ దినము ఒక యిల్లు మునిగినది నాకు తక్కువదని తోచిన యొక్క మాట జారిపోవుటవలననే.

మూడవది, లెక్కను చూచి మోసపోకుడు. యంత్రము, ‘పార్కును కోరినవారు నలుబదిమంది, మురుగుకాలువ నడిగినవారు ఒకరు’ అని చెప్పగలదు. చెప్పినది నిజము కావచ్చును. కాని ఫోనునుండి పంపగల నలుబదిమంది ఒక వైపు, ఫోను లేని ఒకతె వేరొక వైపు నున్నప్పుడు తల లెక్క న్యాయము కాదు. పోర్టో అలెగ్రీవారు కొరతకు మార్కులు వేసిన సంగతి యిచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పట్టిక ముగిసిన పిమ్మట, ‘ఈ సభకు రానివారెవ్వరు? వచ్చియు నోరు విప్పనివారెవ్వరు?’ అని యడుగుడు. ఆ ప్రశ్నకు ఉత్తరము ఏ యంత్రమునందును లేదు. మీ యొద్దనే కలదు.

నాల్గవది, పట్టిక పంపి చేతులు దులుపుకొనకుడు. ఈ-గ్రామస్వరాజ్ వంటి జాలవేదికలు మీ యూరి ఖాతాను చూపుచున్నవి. ఇంటిలో చదువుకొన్న మనుమడో మనుమరాలో ఉండిన, నెలకొకసారి మీ పంచాయతీ పేరు తెరపించి, అనుకొన్న పని యేది, వ్రాసిన పని యేది, సొమ్ము పోయిన పని యేది యని మూడింటిని పోల్చి చూడుడు. అందు తేడా కనబడినచో వచ్చు సభలో దానినే మొదట చదువుడు.

మా వీథి సంగతి ముగించెదను. ఆ వాన వెలిసిన పదియవదినమున మరల సభ చేసితిమి. ఈసారియు ఫోనునే వ్రాయనిచ్చితిమి. పుట రాగానే నేను నిలుచుండి పైకి చదివితిని. మొదట నా తప్పును నేనే చెప్పితిని. చదువుచుండగా నలుగురు నాలుగుచోట్ల ఆపిరి. ఒకరి వీథిపేరు తప్పు, ఒకరు వద్దన్నది వలెనని పడినది, ఒకరి మాట అసలే లేదు. నాలుగును దిద్దితిమి. ఇస్త్రీయమ్మ మాత్రము ఆపలేదు. మోరిని మొదటి యంశముగా చేర్చి చదివినప్పుడు, “ఇంకోసారి చదువుండ్రి” అనెను. మరల చదివితిని. ఆమె తలయూచెను. ఆ కాలువపని మొదలైనది. సగము వీథివరకు గొట్టములు పడినవి. తక్కిన సగమునకై మేమింకను అడుగుచునే యున్నాము. కాని ఇప్పుడు ఆ యడుగుట కాగితముపై నున్నది, దానిని విన్నవారు అరువదిమంది కలరు.

క్రొత్త కరణమును ఊరినుండి వెళ్లగొట్టుమని నేననను. వానిచేత వ్రాయింపుడు, వ్రాత వానికి వచ్చును. వ్రాసినదానిని వాని చేతినుండి తీసికొని పదిమందిలో చదువుడు. ఊరు వాని కంటె మనకే తెలియును. పూర్వపు కరణమును, ‘ఏమి వ్రాసితివి, చదువుము’ అని యడుగుటకు మన తాతలు వెరచిరి. ఈ కరణము నడుగుటకు వెరపేల? ఒక్క మీట నొక్కిన చదివి వినిపించును. నొక్కవలసినది మనము.